కాలిన మచ్చ మీద మానని పుండు క్యాన్సర్ కావచ్చా?

చిన్నప్పుడు కాలిన మచ్చ మీద ఇన్నేళ్లకు పుండు లేచి మూడు నెలలైనా మానకపోతే అది క్యాన్సర్ కావచ్చా అన్నది ప్రశ్న. కావచ్చు, కాబట్టి ఆలస్యం చేయకుండా చర్మవ్యాధి నిపుణునికో శస్త్రవైద్యునికో చూపించాలి.

చర్మపు పై పొర కణాల్లో పుట్టే స్క్వామస్ సెల్ క్యాన్సర్‌కు తెల్లజాతి వారిలో ప్రధాన కారణం ఎండే అయినా, రంగునిచ్చే పదార్థమైన మెలనిన్ ఎక్కువగా ఉండే మన చర్మంలో అది తరచుగా పాత కాలిన మచ్చల్లోనూ, ఏళ్ల తరబడి మానని పుండ్లలోనూ మొదలవుతుంది. ఇలాంటి పుండ్లను 1828లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుని పేరిట వీటిని మార్జొలిన్ అల్సర్ అంటారు. కాలిన గాయానికీ క్యాన్సర్‌కూ మధ్య 30 ఏళ్లు కూడా గడవవచ్చు కనుక చాలామంది ఆ రెండింటికీ సంబంధం ఉందనుకోరు. చీర, లంగా బొందు దశాబ్దాలపాటు ఒరుసుకున్న నడుము దగ్గర కూడా ఇది అరుదుగా వస్తుంది.

అంచులు గట్టిపడి పైకి లేవడం, తాకితే రక్తం కారడం, దుర్వాసన, గజ్జల్లోనో చంకలోనో గడ్డ తగలడం ప్రమాద సూచనలు. పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తేనే నిర్ధారణ అవుతుంది. బయాప్సీతో క్యాన్సర్ పాకుతుందన్న భయానికి ఆధారం లేదు, ఆ భయంతో ఆకుపసర్లు కడుతూ పోగొట్టుకున్న నెలలే ప్రాణం మీదికి తెస్తాయి.

చుట్టూ కొంత మంచి చర్మంతో సహా పుండును కోసి తీసివేయడం ప్రధాన చికిత్స. గజ్జల్లోనో చంకలోనో ఉండే లింఫు గ్రంథులకు పాకితే వాటినీ తొలగిస్తారు, అవసరాన్ని బట్టి రేడియేషన్ ఇస్తారు. లోతుగా కాలినప్పుడు మొదట్లోనే చర్మం అతికించి గాయాన్ని పూర్తిగా మాన్పితే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.