చలికాలం వచ్చేదాకా రోటా చుక్కలు ఆపవచ్చా?

ఉత్తరాదిలో రోటా అనే వైరస్ వల్ల పిల్లలకు వచ్చే విరేచనాలు చలికాలంలో విజృంభిస్తాయి, దక్షిణాదిలో ఆ తేడా అంతగా కనిపించదు, మరి ప్రాంతాన్ని బట్టి దానికి నోట్లో చుక్కలుగా వేసే టీకా వేళలు ఎందుకు మార్చరని మీరు అడిగారు. మార్చకపోవడమే సరైనదని నా గట్టి నమ్మకం.

2018 సంక్రాంతికి మా చెల్లెలు ఏడు నెలల కొడుకుతో ఖమ్మం దగ్గరి మా ఇంటికి వచ్చింది. భోగిపళ్ళు పోసిన మర్నాడు తెల్లవారుజామున వాడికి వాంతులు మొదలై, మధ్యాహ్నానికల్లా నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. పళ్ళు వస్తున్నాయంటూ పెద్దవాళ్ళు పాలు మాన్పించారు. ఊళ్ళోని వైద్యుడు యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చాడు, వైరస్ మీద అది పనిచేయదని తెలియకో, తెలిసినా ఏదో ఒకటి ఇవ్వాలనో. సాయంత్రానికి వాడు ఏడుస్తుంటే కన్నీళ్ళు రాలేదు, మాడు గుంటపడింది, ఉదయం నుంచి మూత్రం లేదు. పట్నం ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. పరీక్ష చేయలేదు గానీ, అది రోటాయేనని నేను ఇప్పటికీ అంటాను.

అదే ఈడు మా అబ్బాయికీ ఆ వారమే విరేచనాలయ్యాయి, కానీ ఓఆర్ఎస్‌తోనే తేరుకున్నాడు. వాడు పుట్టింది ఆంధ్రప్రదేశ్‌లోని నందిగామలో, అమ్మమ్మ గారింట్లో. అక్కడే మూడుసార్లు రోటా చుక్కలు పడ్డాయి. 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్‌ప్రదేశ్‌లలో ఉచితంగా వేయడం మొదలైన ఆ టీకా హైదరాబాదులోనే తయారైనా, తెలంగాణ పిల్లలకు 2019లో గానీ అందలేదన్న కోపం నాకింకా పోలేదు.

ఇక రుతువు సంగతి. 2005 నుంచి ఆసుపత్రులలో సాగిన జాతీయ పర్యవేక్షణలో, విరేచనాలతో చేరిన ఐదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు 40 శాతం మందిలో రోటా కనిపించింది. అయితే టీకా వేళను నిర్ణయించవలసింది రుతువు కాదు, వయసు. వేలూరులో పుట్టినప్పటి నుంచి గమనించిన పిల్లల్లో 56 శాతం మందికి ఆరు నెలలలోపే ఈ వైరస్ సోకింది. అందుకే మనకు 6, 10, 14 వారాలకు ఐదు జబ్బులకు వేసే పెంటా టీకా ఇంజక్షన్‌తో పాటే ఈ చుక్కలు వేస్తారు. ఫిబ్రవరిలో పుట్టిన బిడ్డను చలికాలం దాకా ఆపితే తొమ్మిదో నెల వచ్చేస్తుంది, వైరస్ అప్పటిదాకా ఆగదు.

ఈ చుక్కలు విరేచనాలన్నింటినీ ఆపవు. మన దేశంలో జరిపిన పరీక్షల్లో మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలు సుమారు 56 శాతం తగ్గాయి. ప్రభుత్వ కార్యక్రమంలో మొదటి మోతాదు ఏడాది వయసు దాటాక వేయరు. మీ పాపకు ఇప్పుడు ఎన్ని వారాలో మీరు రాయలేదు.