చార్టు లాభం, చేతికి నష్టం

ప్రశ్న: 2024లో బిట్‌కాయిన్ ధర రెట్టింపు దాటిందంటున్నారు, అదే ఏడాది కొని అమ్మిన నాకు నష్టమే వచ్చింది. ఏ లెక్క తప్పు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రెండూ సరైనవే. యార్డు బోర్డు మీది ధాన్యం ధర వేరు, మీ తక్‌పట్టీలో (అమ్మకం రసీదులో) పడిన ధర వేరు కదా! ఆ రెట్టింపు జనవరిలో కొని డిసెంబరు దాకా కదలకుండా ఉంచుకున్నవారిది. మార్చిలో 70 వేల డాలర్లు దాటినప్పుడు ఆశతో కొని, ఆగస్టు మొదట్లో 50 వేల దగ్గరికి పడగానే భయంతో అమ్ముకున్నవారికి మిగిలింది నష్టమే. పైగా మన చట్టం ప్రకారం బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేల లాభంపై 30 శాతం పన్ను ఉంటుంది, ఒక నాణెంలోని నష్టాన్ని మరో దాని లాభంలో తగ్గించుకోనివ్వరు. అంటే ఒకదానిలో 10,000 రూపాయలు వచ్చి, ఇంకోదానిలో అంతే పోయినా, సెస్సు కాక 3,000 కట్టాలి. ఇది చాలామంది గమనించరు. మీ ప్రతి లావాదేవీని ఫీజుతో సహా రాసుకొని, అదే సొమ్ము కదపకుండా ఉంచితే ఎంతయ్యేదో దాని పక్కన వేసి చూడండి.