సుబారు ఫారెస్టర్ ఫుల్ టర్న్‌లో పట్టేయడం: ముందు టైర్లు కొలవండి

మీ ఫారెస్టర్ గేర్‌బాక్స్ పోయిందా అని అడిగారు. గేర్‌బాక్స్ కాదు, టైర్ల తేడా అయ్యుండటానికే ఎక్కువ అవకాశం. పంక్చరయ్యాక ఒక్క టైరే కొత్తది వేయించామన్నారు, పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బండి పట్టేసినట్టు అదురుతోందన్నారు. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి.

1972లో లియోన్ ఎస్టేట్ వ్యాన్‌తో మొదలుపెట్టి, నాలుగు చక్రాలకూ పవర్ ఇవ్వడమే సుబారు తన గుర్తింపుగా చేసుకుంది. మంచులో ఆ పట్టు చూసే ఓనర్లు బండిని వదలరు. కానీ టైర్ల సైజు తేడా వల్ల ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరుగుతూ ఉంటే, వాటి మధ్య పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ క్లచ్ మీద ఆపకుండా లోడ్ పడుతుంది.

1. నాలుగు టైర్లలో గాలి సమానంగా పెట్టండి.

2. అందరూ వదిలేసేది ఇదే. పక్కన ముద్రించిన సైజు ఒకటే కదా అని ఊరుకుంటారు. టేపును ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాళ్ల భాగం) మధ్యగా చుట్టి ప్రతి టైరు చుట్టుకొలత రాసుకోండి. తేడా పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. ట్రెడ్ లోతులో ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా చుట్టుకొలత 6 మిల్లీమీటర్లు మారుతుంది! సగం అరిగిన వాటి పక్కన కొత్తది అస్సలు కుదరదు.

3. తేడా ఉంటే కొత్త టైరు ట్రెడ్‌ను మిగతావాటి లోతుకు షేవ్ చేయించండి (చెక్కించండి), లేదా నాలుగూ మార్చండి. అంతవరకు బండి తక్కువ వాడండి.

4. అప్పటికీ అదిరితే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మార్పించి, ట్రాన్స్‌ఫర్ క్లచ్ చెక్ చేయించండి. ఈలోపు గేర్‌బాక్స్ మార్చడానికి మాత్రం ఒప్పుకోకండి.