నొప్పి తగ్గినా పాదం సంగతి చూసుకో

చిరంజీవి కిరణ్‌కి అత్త ఆశీస్సులు.

నడుముకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు టెన్షనే. ఎమ్మారై రిపోర్టు చదువుకుని, డాక్టర్ని అడగాల్సినవి కాగితం మీద రాసుకుని మరీ వెళ్లావట. ఆ మాటకి మాత్రం పొంగిపోయాను. మనింటి మగవాళ్లు డాక్టరు ముందు నోరు విప్పిందెప్పుడు?

నొప్పి కాల్లోకి దిగుతోందా, నడుములోనే ఉందా? వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని ఒరుసుకుంటే అక్కడ వాపు వస్తుంది. స్టెరాయిడ్ తగ్గించేది ఆ వాపునే. అందుకే పిరుదు నుంచి పాదం దాకా లాగే నొప్పికి పనిచేసినంతగా ఉత్త నడుంనొప్పికి పనిచేయదు. జారిన డిస్కుని వెనక్కి నెట్టదు కూడా. చాలామందికి అది నెలల మీద దానంతటదే కుంచించుకుపోతుంది. ఈలోగా లేచి తిరగడానికి, వ్యాయామం చేయడానికి ఈ సూది వీలు కల్పిస్తుంది, అంతే.

రక్తం పలచబడే మాత్రలుంటే ముందే చెప్పు, నీ అంతట నువ్వు ఆపకు. షుగర్ ఉంటే కొన్నాళ్లు పెరుగుతుంది. ఎక్స్‌రే తెర మీద చూస్తూ వేస్తారో లేదో అడుగు. స్టెరాయిడ్‌తో పాటు ఇచ్చే మత్తుమందు పనిచేసే కొన్ని గంటలూ హాయిగా ఉండి మళ్లీ నొప్పి వస్తే కంగారుపడకు. స్టెరాయిడ్ పని మొదలవడానికి ఒక్కోసారి వారం పడుతుంది.

ఇక మీ పెదనాన్న సంగతి. ఇంజెక్షన్‌తో ఆయనకి నొప్పి ఇట్టే పోయింది. కొన్నాళ్లకి నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. పాతబడిందన్నాడు, కొత్తవి కొన్నాడు. అవీ జారాయి. మెట్టుకి బొటనవేలు తగిలి పడబోతే కళ్లజోడు మార్చాలన్నాడు. మేం ఏమన్నా "నొప్పి లేదుగా!" అనేవాడు. చివరికి డాక్టరు మడమల మీద నడవమంటే ఆ పాదం పైకి లేవలేదు. వాపు తగ్గి నొప్పి పోయింది కానీ, నరం మీద ఒత్తిడి అలాగే ఉంది. ఆపరేషన్ చేశారు, పాదానికి మాత్రం పూర్తి బలం తిరిగి రాలేదు. ఆయన కాలు ఈడ్చడం చూసి ముసలితనం అనుకున్నావేమో. కాదురా. నిన్ను భుజానెక్కించుకుని పరుగెత్తిన మనిషాయన.

కాబట్టి నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేసి చూసుకో. కాలు బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా సిగ్గుపడకుండా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లు. జ్వరం వచ్చినా, లేచి కూర్చుంటే తల పగిలిపోతున్నా ఫోన్ చేసి చెప్పు.

అన్నట్టు, ఒక్కడివే వెళ్లి నువ్వే బండి నడుపుకుంటూ వచ్చేస్తానన్నావట. బుద్ధుందా? కాసేపు కాలు మొద్దుబారొచ్చు. తేదీ చెప్పు, నేను వస్తున్నాను.

మీ అత్త