స్కిజోఫ్రెనియాకు మెరుగైన మందులు రావడం ఎందుకింత కష్టమవుతోంది?

నిధులు చాలకపోవడమే కారణమా అని మీరు అడిగారు. మెరుగుదలను కొలిచే తీరులోనే అసలు లోపం ఉందని నా గట్టి నమ్మకం. 1952లో ఈ జబ్బుకు తొలి మందైన క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైన నాటి నుంచి వచ్చిన మందులు దాదాపు అన్నీ మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకునేవే. ఈ జబ్బు లక్షణాలైన, లేని మాటలు వినిపించడాన్ని, అనుమానాలను అవి తగ్గిస్తాయి గాని, ఏకాగ్రతను, జ్ఞాపకశక్తిని, పని మీద ఆసక్తిని తిరిగి తేలేకపోతున్నాయి.

మా అక్క విషయంలో ఇది కళ్లారా చూశాను. "మాటలేమైనా వినిపిస్తున్నాయా అమ్మా?" అని డాక్టరు గారు అడిగితే "లేదండీ" అంది, నిద్ర పడుతోందని కూడా చెప్పింది. ఆయన సంతోషించి, అవే మందులు కొనసాగించమని రాశారు. ఒకప్పుడు నవలలు ఏకబిగిన చదివిన మనిషి, ఆ సాయంత్రం ఒకే పేజీని మళ్లీ మళ్లీ మొదటి నుంచి చదువుతూ, "కిందికి వచ్చేసరికి పైన ఏం చదివానో ఉండడం లేదురా" అని పుస్తకం మూసేసింది. ఆ సంగతి అడిగేవారు లేరు, అక్క తనంతట తాను చెప్పే మనిషి కాదు.

ఎలుకకు మాటలు వినిపిస్తున్నాయో లేదో తెలుసుకునే మార్గం లేదు కనుక, జంతువులలో ఆశ కలిగించిన మందు మనుషుల దగ్గరికి వచ్చేసరికి తరచుగా తేలిపోతుంది. జ్ఞాపకశక్తి కోసం పరీక్షించిన ఐక్లెపర్టిన్ అనే మందు కూడా పెద్ద ప్రయోగాలలో నిలవలేదని 2025 జనవరిలో తేలింది. పైగా ఈ ప్రయోగాలలో మందు లేని ఉత్తి మాత్ర మింగినవారిలోనూ గణనీయమైన మెరుగుదల కనిపిస్తుండడంతో, అసలు మందు ప్రభావాన్ని విడదీసి చూపడం కష్టమవుతోంది.

2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందిన జానోమెలిన్, ట్రోస్పియం జంట మందు డోపమైన్‌ను నేరుగా అడ్డుకోకుండా కణాలపై సంకేతాలను అందుకునే మస్కరినిక్ గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. నిజానికి జానోమెలిన్‌ను 1990లలోనే అల్జీమర్స్ కోసం పరీక్షించి, వాంతులు, కడుపు బాధల వల్ల పక్కన పెట్టారు. మెదడులోకి అంతగా చేరకుండా, మిగతా శరీరంలో ఆ గ్రాహకాలను అడ్డుకునే ట్రోస్పియంను జోడించి ఆ బాధలను తగ్గించాలన్న ఆలోచన కుదరడానికి అన్నేళ్లు పట్టింది. అయితే దాని ప్రధాన ప్రయోగాలు కూడా ఐదేసి వారాలవే. ఐదు వారాలలో మాటలు తగ్గాయో లేదో తెలుస్తుంది గాని, ఒక మనిషి మళ్లీ పుస్తకం పూర్తిచేయగలదో, ఉద్యోగంలో నిలబడగలదో తెలియదు. కనీసం ఏడాదిపాటు రోగులను గమనించి, ఆ ప్రశ్నలనే మొదట అడిగే ప్రయోగాలు జరగాలి.