కొత్తవాళ్లు మళ్లీ రావాలంటే

వందనాలు బ్రదర్. మీ సంఘానికి కొత్తగా వచ్చినవాళ్లు ఒకటి రెండు ఆదివారాలకే మానేస్తున్నారని రాశారు. నా అనుమానమంతా "కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడండి" అనే ఆ పిలుపు మీదే. మనకది మర్యాద, వాళ్లకి టెన్షన్. ముందు అది ఆపేయండి. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఒకరు పలకరిస్తే చాలు. ఆడవాళ్లను సిస్టర్స్ పలకరిస్తే మంచిది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని మాత్రం ఆరా తీయొద్దు. ఆ ప్రశ్న ఎటు పోతుందో మీకూ తెలుసు.

పాటల నంబర్ చెప్పగానే మనం అందుకుంటాం, వాళ్ల చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండదు. కొన్ని పుస్తకాలు అదనంగా ఉంచండి, పక్కన కూర్చున్నవాళ్లే పాట తీసి ఇవ్వాలి. చెప్పులెక్కడ విడవాలో, ఏ వైపు కూర్చోవాలో తలుపు దగ్గరే చెప్పాలి. కానుకల సంచి తిరిగేటప్పుడు "మొదటిసారి వచ్చినవాళ్లు వేయనక్కర్లేదు" అని పాస్టర్ గారు ఒక్క మాట అంటే సరిపోతుంది. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం, ఎవరికో కూడా ముందే చెప్పాలి.

ఇక కుర్చీల సంగతి. కారులో వచ్చినాయనకు ముందు కుర్చీ, కూలికెళ్లే ఆమెకు వెనక చాప! బైబిల్లో యాకోబు పత్రిక 2వ అధ్యాయం తప్పుపట్టింది సరిగ్గా దీన్నే. ఇది పెద్దల మీటింగ్‌లో గట్టిగా మాట్లాడండి.