వాననీటి శుభ్రత మీద ఎంఎస్ చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. అమెరికా వెళ్లి వాననీటి కాలుష్యం మీద ఎంఎస్ చేస్తానంటోంది. 'లో ఇంపాక్ట్ డెవలప్‌మెంట్' అని ఏదో చెబుతోంది. అంత లోన్ తీసి కాలువల చదువు చదివించాలా? కంప్యూటర్స్ వైపు మార్చమంటారా? – ఒక తండ్రి

జవాబు: మార్చకండి. ఇది నిజమైన ఉద్యోగమే. లోన్ గురించి మీ టెన్షన్ మాత్రం న్యాయమైనదే. దానికీ వస్తాను.

ముందు అమ్మాయి చెబుతున్నదేమిటో చూద్దాం. నేలంతా తారు, సిమెంటు పరిచాక వాన ఇంకదు, రోడ్ల మీద పారుతుంది. పారుతూ టైర్ల నుంచి రాలిన జింకు, బ్రేకుల నుంచి రాగి, ఇంజిన్ ఆయిలు, లాన్లకు వేసిన ఎరువు అన్నీ ఊడ్చుకుపోయి దగ్గర్లోని వాగులో కలుపుతుంది. తొలి జల్లు నీళ్లలోనే ఈ మురికి ఎక్కువ. పైపు వేసి నీళ్లను తొందరగా వదిలించుకోవడం పాత పద్ధతి. 1990ల మొదట్లో మేరీల్యాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ఇంజినీర్లు వేరే దారి పట్టారు. వాన పడిన చోటే, ఇళ్ల ముందు కాస్త పల్లంగా చేసిన తోటల్లో దాన్ని ఆపి మట్టిలోంచి వడగట్టారు. వీటినే రెయిన్ గార్డెన్లు అంటున్నారు. నీళ్లు ఇంకే పేవ్‌మెంటు, మేడ మీద పచ్చిక, రోడ్డు పక్క గడ్డి కాలువలు కూడా ఈ కుటుంబానివే. మీ అమ్మాయి చెప్పే 'లో ఇంపాక్ట్ డెవలప్‌మెంట్' ఇదే. ఇంకుడు గుంతలు చూసినవాళ్లం కాబట్టి మనకు ఇది వింతేమీ కాదు. మన గుంత ప్రధానంగా భూగర్భ జలం కోసం. అక్కడ బయటికి వచ్చే నీరు ఎంత శుభ్రంగా ఉందో కూడా కొలుస్తారు.

ఆ కొలతే ఉద్యోగం. అమెరికా 1972లో క్లీన్ వాటర్ యాక్ట్ తెచ్చి, 1987 సవరణతో నగరాల వాననీటిని కూడా పర్మిట్ల కిందికి తెచ్చింది. దాంతో డిజైన్ చేసేవాళ్లు, తనిఖీ చేసేవాళ్లు, నిర్వహణ చూసేవాళ్లు, ఏటా నివేదిక ఇచ్చేవాళ్లు కావాల్సి వచ్చారు. చట్టం అడిగే పని కాబట్టి ఫ్యాషన్‌తో వచ్చి ఫ్యాషన్‌తో పోయేది కాదు.

ఇందులో శాస్త్రం ఎంత ఉందో మీకు ఒక ఉదాహరణతో చెప్పాలి. సియాటెల్ చుట్టుపక్కల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడ్డాక, గుడ్లు పెట్టకుండానే చనిపోయేవి. కారణం కోసం ఏళ్ల తరబడి వెతికారు. టైర్లు పగుళ్లు పట్టకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మరో విషంగా మారుతోందని 2020 డిసెంబరులో పరిశోధకులు బయటపెట్టారు. అంతకుముందే జరిగిన ప్రయోగాల్లో, అదే రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి గుండా పంపితే చేపలు బతికాయి. విషం పేరు తెలియకముందే మందు దొరికిందన్నమాట.

అలాగని కంపోస్టు ఎక్కువ వేస్తే సరిపోదు. దానిలోంచే ఫాస్ఫరస్, నైట్రేట్ కరిగి బయటికి వచ్చి, శుభ్రం చేయాల్సిన తోటే వాగును పాడు చేస్తుంది. నైట్రేట్ తగ్గాలంటే అడుగు పొరలో కొంతసేపు గాలి ఆడకుండా నీరు నిలవాలి. జింకు, రాగి పట్టుకోవడం మరో లెక్క. ఈ రెండు పేరాలు అమ్మాయికి చదివి వినిపించండి. 'ఎంత కంపోస్టు వేయాలి, ఏ మట్టి వాడాలి' అని ఎదురు ప్రశ్నలు వేస్తే ఆమె సరైన దారిలోనే ఉంది.

యూనివర్సిటీ ర్యాంకు కన్నా ఫీల్డ్ సైట్, అంటే ఇలాంటి తోటల్ని నిజంగా కట్టి కొలిచే చోటు ఉందా అని చూడమనండి. విల్లనోవా, నార్త్ కరొలినా స్టేట్, న్యూ హాంప్‌షైర్, మేరీల్యాండ్ యూనివర్సిటీల్లో ఈ పని చాలా ఏళ్లుగా జరుగుతోంది. హైడ్రాలజీ, హైడ్రాలిక్స్, మట్టి, నీటి రసాయన శాస్త్రం లేకుండా 'సస్టైనబిలిటీ' అని పేరు మాత్రం పెట్టుకున్న కోర్సు వద్దు. ఈ సెలవుల్లోనే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఉచితంగా ఇచ్చే, వాననీటి ప్రవాహాన్ని లెక్కగట్టే ఎస్‌డబ్ల్యూఎంఎం సాఫ్ట్‌వేర్ నేర్చుకుని తన కాలేజీ క్యాంపస్‌నే మోడల్ చేయమనండి. దరఖాస్తులో సర్టిఫికెట్ల కన్నా అదే బలంగా కనిపిస్తుంది. అక్కడికి వెళ్లాక ఎఫ్‌ఈ పరీక్ష రాయాలి. ఇంజినీరు లైసెన్సుకు అది మొదటి మెట్టు.

మన దేశంలో సంగతి దాచను. ఇక్కడి ఉద్యోగాలు ప్రస్తుతం నీటి పరిమాణం చుట్టూ, అంటే ముంపు, నాలాల వెడల్పు చుట్టూ ఉన్నాయి. వాననీటి కాలువల మీద కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 2019లో మాన్యువల్ తెచ్చింది కానీ, శుభ్రతను గట్టిగా అడిగే వ్యవస్థ ఇంకా లేదు. మన నాలాల్లో మురుగు కలిసిపోతోంది. దాన్ని విడదీయకుండా ఎన్ని తోటలు పెట్టినా ఫలితం కొద్దే. అందుకే తిరిగి వచ్చినా పనికొచ్చేలా వరద మోడలింగ్ కూడా బాగా నేర్చుకోవాలి.

ఇక లోన్. అమెరికాలో సివిల్ జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే. కౌంటీ, నగర ప్రభుత్వ ఉద్యోగాల్లో చాలా వాటికి వీసా స్పాన్సర్‌షిప్ ఉండదు, కాబట్టి మొదటి ఉద్యోగం ప్రైవేటు కన్సల్టెన్సీలోనే వెతుక్కోవాలి. ఇప్పటి నిబంధనల్లో ఓపీటీ కింద, అంటే చదువు అయ్యాక విద్యార్థులకు ఇచ్చే పని అనుమతితో, మూడేళ్లు పనిచేయవచ్చు, అయితే వీసా నిబంధనలు మారుతూనే ఉంటాయి. అందువల్ల రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ (ప్రొఫెసర్ పరిశోధనలో పనిచేస్తూ డబ్బు సాయం పొందడం) దొరికితేనో, ఫీజు తక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు వస్తేనో పంపండి. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వద్దు. ఆ రెండూ కుదరకపోతే గేట్ రాసి ఇక్కడే స్టైపెండ్‌తో ఎంటెక్ చేసి, తర్వాత ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌కు విడిగా పేపరు కూడా ఉంది. గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో, అమెరికా యూనివర్సిటీలవి చాలావరకు డిసెంబరు, జనవరుల్లో ముగుస్తాయి. నాలుగో సంవత్సరం మొదట్లోనే రెండింటికీ సిద్ధం కమ్మనండి.